వైద్య సేవ కార్డు, ఈఎస్‌ఐ, ప్రైవేట్ పాలసీ: మన ఇంటికి ఏది నిలబడుతుంది?

ఆరోగ్య బీమా గురించి అడిగేవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది "ఎంత వరకు వస్తుంది?" అనే. 25 లక్షలా, 5 లక్షలా, కోటి రూపాయలా అని. ఆ అంకె ముఖ్యమే. కానీ విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఆసుపత్రి కౌంటర్ దగ్గర "ఇది రాదండీ" అని చెప్పాక ఆ అంకె ఎందుకూ కొరగాదు. అప్పుడు అక్కరకొచ్చేవి వేరే: ఈ హామీ ఎవరిచ్చారు, ఎక్కడ రాసిచ్చారు, కాదంటే ఎవరి దగ్గరికి వెళ్లి గట్టిగా అడగొచ్చు.

మన రాజ్యాంగంలో ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. బీమా మాత్రం కేంద్ర జాబితాలో ఉంది. అందుకే ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) లాంటి రాష్ట్ర పథకానికి అమరావతి జవాబు చెప్పాలి, ప్రైవేట్ పాలసీకి హైదరాబాద్‌లో ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ జవాబు చెప్పాలి, కార్మికుల, చిన్న జీతగాళ్ల బీమా అయిన ఈఎస్‌ఐకి పార్లమెంటు చేసిన చట్టం జవాబు చెప్పాలి. ఒకే ఊళ్లో, ఒకే ఆసుపత్రిలో, పక్కపక్క మంచాల మీద ఉన్న ముగ్గురికి మూడు రకాల రక్షణ అన్నమాట. ఈ తేడా తెలియకుండా పథకాలను పోల్చి లాభం లేదు.

## ముందు వేటిని చూడాలి

హామీకి ఆధారం. చట్టంలో ఉన్నది హక్కు. పాలసీలో ఉన్నది ఒప్పందం. జీవోలో ఉన్నది ప్రభుత్వ నిర్ణయం, దాన్ని ఇంకో జీవోతో మార్చవచ్చు. మూడూ ఉపయోగమే, కానీ మూడింటి బలం ఒకటి కాదు.

పాత జబ్బు. ఇంట్లో ఇప్పటికే షుగరో బీపీయో గుండె జబ్బో ఉంటే, ఆ జబ్బుకు కవరేజీ ఏ రోజు నుంచి మొదలవుతుందన్నదే అన్నిటికంటే పెద్ద ప్రశ్న. ప్రభుత్వ పథకాల్లో మొదటి రోజు నుంచే. ప్రైవేట్ పాలసీలో గరిష్ఠంగా మూడేళ్ల వరకు ఆగాల్సి రావచ్చు.

ఏ ఆసుపత్రి తలుపు తెరుచుకుంటుంది. నెట్‌వర్క్ జాబితాలో, అంటే ఒప్పందం ఉన్న ఆసుపత్రుల జాబితాలో, వేల పేర్లు ఉండొచ్చు. మీ ఇంటికి అరగంట దూరంలో గుండెకు, కిడ్నీకి, ఎముకలకు ఏవి ఉన్నాయో చూడండి. జాబితాలో ఆసుపత్రి పేరుంటే సరిపోదు, మీకు కావాల్సిన విభాగం కూడా ఉండాలి.

బిల్లులో మిగిలిపోయేది. ఓపీ ఫీజులు, నెలనెలా మందులు, స్కానింగులు, గది అద్దె తేడా. చాలా కుటుంబాలు నలిగిపోయేది ఆపరేషన్ ఖర్చు కన్నా వీటి దగ్గరే.

కాదంటే ఎక్కడికి. దీనికి సమాధానం కార్డు తీసుకునేటప్పుడే తెలిసి ఉండాలి. ఐసీయూ బయట నిలబడి వెతుక్కునే విషయం కాదిది.

| ఎంపిక | ఆధారం | పరిమితి | పాత జబ్బులు | తిరస్కరిస్తే |
|---|---|---|---|---|
| ఎన్టీఆర్ వైద్య సేవ | రాష్ట్ర ప్రభుత్వ జీవోలు, పథకాన్ని నడిపే ట్రస్టు | కుటుంబానికి ఏడాదికి 25 లక్షల వరకు | మొదటి రోజు నుంచే | వైద్యమిత్ర (ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే సహాయకుడు), 104, కలెక్టరేట్ |
| ఆయుష్మాన్ వయ వందన | కేంద్ర పథకం | 70 దాటినవారికి ఏడాదికి 5 లక్షలు | మొదటి రోజు నుంచే | పథకం ఫిర్యాదు విభాగం, 14555 |
| ఈఎస్‌ఐ | కేంద్ర చట్టం | వైద్యానికి ఇంత అని పరిమితి లేదు | పాత జబ్బులని వేరే నిరీక్షణ లేదు | ఈఎస్‌ఐ కార్పొరేషన్, ఆపై కోర్టు |
| ప్రైవేట్ పాలసీ | ఒప్పందం, ఐఆర్‌డీఏఐ నిబంధనలు | మీరు కొన్నంత | గరిష్ఠంగా 3 ఏళ్ల నిరీక్షణ | కంపెనీ, అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి), వినియోగదారుల కమిషన్ |

## ఎన్టీఆర్ వైద్య సేవ

2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైంది. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది. ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, జనం నోట్లో మాత్రం ఇంకా ఆరోగ్యశ్రీనే. పేరు ఏదైనా, మన రాష్ట్రంలో పేద, దిగువ మధ్యతరగతి ఇళ్లను అప్పుల నుంచి కాపాడినంతగా ఇంకో పథకం కాపాడలేదని నా గట్టి అభిప్రాయం. ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు వర్తిస్తుంది. 2023 డిసెంబరులో పరిమితిని 5 లక్షల నుంచి 25 లక్షలకు పెంచారు. జాబితాలో 3,257 రకాల చికిత్సలు ఉన్నాయి.

పని జరిగే తీరు ఇది. నెట్‌వర్క్ ఆసుపత్రిలో లోపలికి వెళ్లగానే వైద్యమిత్ర కౌంటర్ ఉంటుంది. కార్డు, ఆధార్ చూపిస్తే వివరాలు నమోదు చేస్తారు. పరీక్షలయ్యాక డాక్టర్ చెప్పిన చికిత్స జాబితాలో ఉంటే ఆసుపత్రి ట్రస్టుకు ముందస్తు అనుమతి కోసం పంపుతుంది. అనుమతి వచ్చాక మంచం, ఆపరేషన్, మందులు, భోజనం, ఇంటికి వెళ్లే ఛార్జీలు అన్నీ ప్యాకేజీలోనే. ప్యాకేజీలో ఉన్న వాటికి విడిగా డబ్బు అడగకూడదు. "స్టెంట్ మంచిది వేయిద్దాం, తేడా కట్టండి" అంటే సంతకం పెట్టే ముందు వైద్యమిత్రను పిలిచి, ఆ తేడా ఎందుకో ఆయన ముందే అడగండి. అక్కడ తేలకపోతే 104కు ఫోన్ చేయండి.

లోపాలూ ఉన్నాయి. ఇది చికిత్సల జాబితా మీద నడిచే పథకం. జాబితాలో లేని చికిత్సకు పరిమితి 25 లక్షలైనా ఒకటే, 5 లక్షలైనా ఒకటే. కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించారు, వాటికి ప్రైవేట్ ఆసుపత్రిలో అనుమతి రాదు. మామూలు జ్వరానికో షుగర్ మందులకో ఓపీలో పెట్టే ఖర్చు మనదే.

రెండో లోపం ఇంకా బరువైనది. ట్రస్టు నుంచి డబ్బు ఆలస్యమై బకాయిలు పేరుకున్నప్పుడు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తున్నాయి. 2024 మేలో అలాగే జరిగింది, 2025 అక్టోబరులో మళ్లీ జరిగింది. కార్డు చేతిలో ఉండీ ఆ రోజుల్లో డయాలసిస్‌కో ఆపరేషన్‌కో వచ్చినవాళ్ల పరిస్థితి ఏమిటి? జీవో మీద నిలబడ్డ హామీలో ఉన్న బలహీనత ఇదే. వైద్యం పొందడం హక్కు అని రాజస్థాన్ 2023 మార్చిలో ఏకంగా చట్టమే చేసింది, అత్యవసర వైద్యం ముందు చేసి డబ్బు సంగతి తర్వాత చూడాలని అందులో రాసింది. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి చట్టం లేదు. మనకు ఉన్నది 2002 నాటి ప్రైవేట్ ఆసుపత్రుల రిజిస్ట్రేషన్, నియంత్రణ చట్టం. అది ఆసుపత్రి రిజిస్టర్ కావాలని, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలని చెబుతుంది కానీ, ఫలానా చికిత్స మీకు ఉచితంగా చేసి తీరాలని చెప్పదు. ఈ పథకాన్ని చట్టంగా మార్చాలని అన్ని పార్టీల నాయకులనూ మనం అడగాలి. అడగనంత కాలం ప్రతి బకాయి గొడవా రోగి మంచం దగ్గరికే వస్తుంది.

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం కొత్త విధానానికి ఆమోదం తెలిపింది. దాని ప్రకారం ఆదాయంతో పని లేకుండా కుటుంబానికి ఏడాదికి 2.5 లక్షల వరకు బీమా కంపెనీ ద్వారా, పేద కుటుంబాలకు ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు ద్వారా. ముందస్తు అనుమతి 6 గంటల్లో రావాలన్నది అందులో ఉన్న మంచి మాట. కానీ మంత్రివర్గం ఆమోదం వేరు, ఆసుపత్రి కౌంటర్‌లో మీ పేరు కనబడటం వేరు. ఈ వార్త చదివి ఉన్న ప్రైవేట్ పాలసీని ఆపేయకండి. మీ ఆధార్ నంబరుతో మీ కుటుంబం నమోదై ఉందో లేదో సచివాలయంలో గానీ 104లో గానీ అడిగి తెలుసుకున్నాకే ఏ నిర్ణయమైనా.

## 70 దాటినవారికి ఆయుష్మాన్ వయ వందన

మన ఊళ్లలో అర్హత ఉండీ తీసుకోనివాళ్లు ఎంతోమంది. 2024 అక్టోబరు 29న మొదలైంది. 70 ఏళ్లు దాటితే చాలు, ఆదాయంతో, ఆస్తితో, రేషన్ కార్డుతో పని లేదు. ఏడాదికి 5 లక్షలు. రిటైరైన లెక్చరర్ అయినా, గవర్నర్‌పేటలో మూడంతస్తుల ఇల్లున్న వ్యాపారి అయినా అర్హులే. ఆధార్‌తో ఈ-కేవైసీ చేయిస్తే కార్డు వస్తుంది. ఆధార్‌లో పుట్టిన తేదీ సరిగ్గా ఉండటం ఒక్కటే ముఖ్యం. చాలామంది పెద్దవాళ్లకు ఆధార్‌లో సంవత్సరం మాత్రమే ఉండి, అదీ వయసు రెండు మూడేళ్లు తక్కువ చూపేలా పడి ఉంటుంది. ముందది సరిచేయించండి.

ప్రైవేట్ పాలసీ ఉన్నవాళ్లు, ఈఎస్‌ఐలో ఉన్నవాళ్లు కూడా ఇది తీసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల, పెన్షనర్ల సీజీహెచ్‌ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్‌ఎస్ లాంటివి ఉన్నవాళ్లు మాత్రం రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. మన రాష్ట్రం బయట కూడా పనిచేసే కార్డు కాబట్టి, కొడుకు దగ్గర పుణెలోనో కూతురి దగ్గర బెంగళూరులోనో ఆరు నెలలు ఉండే పెద్దవాళ్లకు ఇది ఎంతో ధైర్యం. అయితే భార్యాభర్తలిద్దరూ 70 దాటినా ఇద్దరికీ కలిపే 5 లక్షలు.

## ఈఎస్‌ఐ

జీతం నెలకు 21,000 లోపు, పనిచేసే చోట 10 మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఈఎస్‌ఐ కట్టడం యజమాని బాధ్యత. ఉద్యోగి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. నెలకు 16,000 జీతమైతే మీ చేతి నుంచి పోయేది 120 రూపాయలు.

ఆ 120 రూపాయలకు వచ్చేది చూడండి. మీకు, భార్యాపిల్లలకు, మీ మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకు వైద్యం. ఓపీ, మందులు కూడా అందులోనే, ఈ పోలికలో నెలనెలా మందుల భారం తీసుకునేది ఇదొక్కటే. జబ్బు చేసి పనికి వెళ్లలేకపోతే ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇస్తారు. ప్రసూతికి 26 వారాల జీతం. ఇంతకన్నా ఎక్కువ ఇచ్చే ప్రైవేట్ పాలసీ ఆ ధరకు ఎక్కడా దొరకదు. కనీసం అయిదేళ్లు ఈఎస్‌ఐలో ఉండి రిటైరైనవాళ్లు ఏడాదికి 120 రూపాయలు కట్టి తమకూ జీవిత భాగస్వామికీ వైద్యం కొనసాగించుకోవచ్చు. ఈ సంగతి తెలియక వదిలేసుకున్నవాళ్లు చాలామంది.

మరి కష్టం ఎక్కడ? విజయవాడ గుణదలలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. అక్కడ లేని సేవలకు బయటి ఆసుపత్రికి రిఫర్ చేస్తారు. ఆ రిఫరల్ కాగితం కోసం తిరగడం, డిస్పెన్సరీలో మందుల కొరత, ఇవి కార్మికులు రోజూ చెప్పే ఫిర్యాదులే. గుంటూరు నుంచి వచ్చేవాళ్లకు ఒక పూట పని పోతుంది. అయినా నా సలహా ఒకటే: ఈఎస్‌ఐని చిన్నచూపు చూడకండి. ఇది 1948 నాటి చట్టం పునాదిగా వచ్చిన హక్కు. వివాదం వస్తే అడగడానికి ప్రత్యేక కోర్టు కూడా ఉంది.

ముఖ్యంగా చూడాల్సింది, జీతంలో కోసిన డబ్బు నిజంగా జమ అవుతోందా అన్నది. మీ ఇన్సూరెన్స్ నంబరుతో ఈఎస్‌ఐ వెబ్‌సైట్‌లో నెలవారీ జమలు కనిపిస్తాయి. జీతం రసీదులో కోత ఉండి అక్కడ జమ లేకపోతే, ఆలస్యం చేయకుండా ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి. ఈఎస్‌ఐ, రైల్వే, సీజీహెచ్‌ఎస్ లాంటి వాటిలో ఉన్నవారిని ఆరోగ్యశ్రీ మొదటి నుంచీ బయటే ఉంచింది కాబట్టి, రెండూ ఉంటాయన్న లెక్క వేసుకోకండి.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పెన్షనర్లకు ఈహెచ్‌ఎస్ అనే ఆరోగ్య పథకం ఉంది. జీతం నుంచి నెలనెలా చిన్న మొత్తం పోతుంది. నెట్‌వర్క్, ట్రస్టు దాదాపు వైద్య సేవవే కాబట్టి బకాయిల ఇబ్బందీ అదే. పెన్షనరుకు 70 దాటితే, ఏ కార్డు ఉంచుకోవాలో ట్రెజరీలో, సచివాలయంలో రెండు చోట్లా అడిగాకే తేల్చుకోండి.

## ప్రైవేట్ పాలసీ

ఇక్కడ ఎంచుకునే స్వేచ్ఛ ఎక్కువ, చదవాల్సిన కాగితాలూ ఎక్కువే. 2024 నుంచి నిబంధనలు పాలసీదారుకు బాగా అనుకూలంగా మారాయి. పాత జబ్బుల నిరీక్షణ గరిష్ఠంగా నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది. పాలసీ అయిదేళ్లు ఆగకుండా నడిస్తే, మోసం రుజువైతే తప్ప "మీరు ఫలానా జబ్బు చెప్పలేదు" అని క్లెయిమ్ తిరస్కరించడానికి వీల్లేదు. ఇంతకుముందు ఆ గడువు ఎనిమిదేళ్లు. నగదు రహిత అనుమతి గంటలోపు ఇవ్వాలి, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లోపు. 60 దాటినవారి ప్రీమియం ఏడాదికి 10 శాతం కన్నా పెంచాలంటే కంపెనీ ముందుగా ఐఆర్‌డీఏఐని సంప్రదించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ పూర్తిగా తీసేశారు. మానసిక వ్యాధులను మినహాయించడానికి వీల్లేదని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది. డిప్రెషన్‌కు వైద్యం చేయించుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పాలసీ ఎంచుకునేటప్పుడు నేను అన్నిటికన్నా ముందు చూసేది గది అద్దె పరిమితి. ఎందుకో లెక్కతో చెబుతాను. 5 లక్షల పాలసీ, గది అద్దె రోజుకు 1 శాతం, అంటే 5,000. మీరు తీసుకున్న గది 10,000. అయిదు రోజులున్నారు. బిల్లు 3 లక్షలు: గది 50,000, డాక్టర్లు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి 1,50,000, మందులు, పరీక్షలు, ఇంప్లాంట్ 1,00,000. గదికి సగమే వస్తుంది, 25,000. అది అర్థమవుతుంది. కానీ గదికి తగ్గట్టు డాక్టర్ ఫీజు, థియేటర్ ఛార్జీలు కూడా సగానికి కోస్తారు, కాబట్టి 75,000. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్ మీద కోత ఉండకూడదు, ఆ లక్ష పూర్తిగా వస్తుంది. మొత్తం 2 లక్షలు. మిగతా లక్ష మీ జేబులోంచి. గది తేడా 25,000 అనుకుని చేరిన మనిషికి డిశ్చార్జి రోజు లక్ష రూపాయల బిల్లు చేతికొస్తుంది. అందుకే గది అద్దెకు పరిమితి లేని పాలసీ ప్రీమియం కొంచెం ఎక్కువైనా అదే తీసుకోమంటాను.

పోల్చుకోవడానికి సులువుగా ఉండే పాలసీ కావాలంటే ఆరోగ్య సంజీవని ఉంది. 2020 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఒకే షరతులతో అమ్ముతున్న ప్రామాణిక పాలసీ. ధర మాత్రమే వేరు, కాబట్టి పోల్చడం తేలిక. అయితే ప్రతి క్లెయిమ్‌లో 5 శాతం మనం పెట్టుకోవాలి, గదికి కవరేజీలో 2 శాతం, గరిష్ఠంగా రోజుకు 5,000 పరిమితి ఉంది. మొదటి పాలసీగా పర్లేదు. విజయవాడలో ఇప్పుడున్న గది అద్దెలకు దాన్నే నమ్ముకుని ఉండటం మాత్రం సరిపోదు.

క్లెయిములు పోయే ఇంకో చోటు అసలు ఎవరూ ఊహించరు. రాత్రి పూట క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ "బీపీ ఎన్నాళ్ల నుంచి?" అని అడుగుతారు. కంగారులో ఉన్న బావమరిది "చాలా ఏళ్లుగా ఉందండీ" అంటాడు. డాక్టర్ కేస్ షీటులో "బీపీ 10 ఏళ్లు" అని రాసేస్తారు. పాలసీ తీసుకుని మూడేళ్లయింది, బీపీ బయటపడింది రెండేళ్ల కిందట. కంపెనీ ఆ పదేళ్లు పట్టుకుని "పాత జబ్బు దాచారు" అంటుంది. తెలియకపోతే "తెలియదండీ, ఆయన్ని అడగండి" అనండి. డిశ్చార్జి సమ్మరీ చేతికి వచ్చాక అక్కడే కూర్చుని చదవండి. తప్పుంటే సంతకాల లోపే సరిచేయించండి. ఇంటికి వెళ్లాక అది మార్చడం చాలా కష్టం.

ఫారం నింపేటప్పుడు ఏజెంట్ "షుగర్ రాయకండి, ప్రీమియం పెరుగుతుంది" అంటే ఆ మాట వినకండి. ఉన్నది ఉన్నట్టు రాసి నిరీక్షణ కాలం ఆగడమే మేలు. పాలసీ కాగితాలు వచ్చాక 30 రోజుల్లో నచ్చకపోతే వెనక్కి ఇవ్వొచ్చు. ఆ నెలలో మినహాయింపుల పేజీ ఒక్కటైనా పూర్తిగా చదవండి.

## ఏ కార్డూ లేకున్నా

విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు ఈ పోలికలో ఎక్కడా కనబడకపోవడం అన్యాయం. గుంటూరు సర్వజన ఆసుపత్రి (జీజీహెచ్)లో 2016లో గుండె మార్పిడి ఆపరేషన్ జరిగింది. క్యాన్సర్‌కు ప్రత్యేక విభాగం ఉంది. మంగళగిరి ఎయిమ్స్ రెండు ఊళ్ల మధ్యలోనే ఉంది, 2019లో ఓపీ మొదలైంది. అక్కడ ఓపీ నమోదు ఖర్చు నామమాత్రమే, పరీక్షల ధరలు బయటకన్నా బాగా తక్కువ. రద్దీ, వెయిటింగ్ ఉంటాయి. తొందర లేని జబ్బుకు, రెండో అభిప్రాయానికి ఎయిమ్స్‌కు వెళ్లి రావడం ఎవరికైనా మంచిదే.

రోడ్డు ప్రమాదమైతే ఇంకో రక్షణ ఉంది. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం కింద ఏ రోడ్డు మీద ప్రమాదం జరిగినా, గుర్తించిన ఆసుపత్రిలో ఏడు రోజుల వరకు 1.5 లక్షల దాకా నగదు లేకుండా చికిత్స చేయాలి. ఇది మోటారు వాహనాల చట్టం ఆధారంగా వచ్చింది. 112కు ఫోన్ చేసి ప్రమాదం నమోదయ్యేలా చూడండి.

ముఖ్యమంత్రి సహాయ నిధి, చికిత్సకు ముందే ఆసుపత్రికి ప్రభుత్వం ఇచ్చే హామీ పత్రం (ఎల్‌ఓసీ) చాలామందిని ఆదుకున్నాయి. కానీ అవి విచక్షణ మీద ఇచ్చే సాయం. దాన్ని నమ్ముకుని బీమా మానుకోకండి.

## మీ ఇంటికి ఏది

ఆటోనగర్ షెడ్డులో లేత్ పని, మిర్చి యార్డులో హమాలీ, సొంత ఆటో. వైద్య సేవ కార్డే మీకు అసలు అండ. ఇంట్లో అందరి పేర్లూ, పెళ్లయి వచ్చిన కోడలి పేరు, పుట్టిన బిడ్డ పేరు కార్డులో ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. చాలా ఇళ్లలో ఆగిపోయేది ఇక్కడే. దానితోపాటు బ్యాంకు ఖాతాలో ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా పెట్టించుకోండి, ప్రమాదంలో మరణానికి 2 లక్షలు వస్తుంది. చిన్న ప్రైవేట్ పాలసీకి నాలుగైదు వేలు కట్టడం కన్నా ఆ డబ్బు మందులకు, పరీక్షలకు విడిగా దాచుకోవడం మంచిదని నా ఉద్దేశం.

బీసెంట్ రోడ్డు బట్టల షాపులో, నర్సింగ్ హోంలో, ప్రైవేట్ స్కూల్లో 21,000 లోపు జీతం. ఈఎస్‌ఐ ఉందా అని ఉద్యోగంలో చేరే రోజే అడగండి. షాపులో పది మంది గానీ ఆపైన గానీ ఉండి యజమాని కట్టకపోతే అది చట్ట ఉల్లంఘన.

5 లక్షలు దాటిన ఆదాయం, సొంత షాపు, ఈఎస్‌ఐ లేదు. అందరికన్నా రక్షణ తక్కువున్నది మీకే. పథకం పరిధికి కాస్త పైన ఉంటారు, పెద్ద ఆపరేషన్ వస్తే షాపు సరుకు అమ్ముకోవాల్సి వస్తుంది. భార్యాభర్తలు, పిల్లలకు కలిపి కనీసం 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్, గది పరిమితి లేనిది. తల్లిదండ్రులను అదే పాలసీలో కలపకండి. ప్రీమియం అంతా పెద్దవయసు లెక్కన పెరుగుతుంది, వాళ్ల ఒక్క క్లెయిమ్‌తో పిల్లలకు కవరేజీ మిగలదు. వాళ్లకు విడిగా తీసుకోండి, 70 దాటితే వయ వందన చేయించండి.

హైదరాబాద్ కంపెనీలో ఉద్యోగం, గ్రూప్ పాలసీ ఉంది. ఉద్యోగం పోయిన రోజు పాలసీ కూడా పోతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడే సొంత పాలసీ ఒకటి మొదలుపెట్టండి. కంపెనీ పాలసీ 5 లక్షలైతే, 5 లక్షల పైన మొదలయ్యే సూపర్ టాప్-అప్ తక్కువ ప్రీమియంతో దొరుకుతుంది. కానీ కింద పాలసీ లేకపోతే మొదటి 5 లక్షలు మీరే పెట్టుకోవాలి, అది మరిచిపోకండి.

పాలసీ ఉంది కానీ నచ్చలేదు. రద్దు చేసి కొత్తది కొనకండి. రెన్యూవల్‌కు కనీసం 45 రోజుల ముందు వేరే కంపెనీకి పోర్ట్ చేయమని అడగండి. పూర్తయిన నిరీక్షణ కాలం కొత్త కంపెనీలోనూ లెక్కకు వస్తుంది.

## కాదన్నప్పుడు

ప్రైవేట్ క్లెయిమ్ తిరస్కరిస్తే, ఏ క్లాజు కింద తిరస్కరించారో రాతపూర్వకంగా ఇవ్వమనండి. కంపెనీ లోపలి క్లెయిమ్ సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా తిరస్కరించడానికి వీల్లేదు. ఆ ఆమోదం ఉందా అని కూడా అదే ఉత్తరంలో అడగండి. కంపెనీ ఫిర్యాదు విభాగానికి రాయండి, ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో నమోదు చేయండి, 155255కు ఫోన్ చేయొచ్చు. నెలలో పరిష్కారం కాకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు. ఆంధ్రప్రదేశ్ ఆ ఆఫీసు పరిధిలోనే ఉంది. 50 లక్షల వరకు వివాదాలు వింటారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ తుది జవాబు ఇచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. అక్కడ ఇచ్చిన తీర్పు కంపెనీ పాటించి తీరాలి. మీకు తీర్పు నచ్చకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి ఇంకా ఉంటుంది.

వైద్య సేవలో అనుమతి రాకపోతే, "రాలేదు" అన్న మాటతో వెనక్కి రాకండి. ఏ చికిత్స కోడ్ కింద పంపారు, ట్రస్టు ఏ కారణం రాసింది అని వైద్యమిత్రను అడిగి కాగితం మీద తీసుకోండి. చాలాసార్లు కారణం ఒక రిపోర్టు జత చేయకపోవడమో, కార్డులో పేరుకూ ఆధార్‌లో పేరుకూ అక్షరం తేడా ఉండటమో అవుతుంది. అది ఆ రోజే సరిచేసి మళ్లీ పంపించవచ్చు. కారణం అదీ కాకపోతే జిల్లా కోఆర్డినేటర్‌ను కలవండి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. రోగి పరిస్థితి విషమంగా ఉంటే వీటికోసం ఆగకండి, ఎమర్జెన్సీ కింద ఫోన్‌లోనే అనుమతి తీసుకోమని ఆసుపత్రినే అడగండి. ఆ ఏర్పాటు పథకంలో మొదటి నుంచీ ఉంది.